డ్యూటీ దిగి వచ్చినా ఆయనకు బెల్లు వినిపిస్తూనే ఉంది

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం. మా ఆయన ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మ్యాన్. చేరి 16 ఏళ్ళు అయింది. మాకు బాబు, పాప. నిరుడు ఎండాకాలంలో ఒక అపార్టుమెంటులో మంటలు వస్తే వెళ్ళారు. లోపలినుంచి ఒక చిన్నపాపను బయటికి తెచ్చింది ఈయనే, కానీ ఆ పాప బతకలేదట. ఈ సంగతి ఆయన చెప్పలేదు, తోటి ఫైర్‌మ్యాన్ భార్య చెప్పింది. అప్పటినుంచీ మనిషి మారిపోయారు. హాల్లో లైటు వేసుకుని పడుకుంటారు. రాత్రి రెండు మూడుసార్లు లేచి గ్యాస్ రెగ్యులేటరు చూసొస్తారు. డ్యూటీ లేని రోజు క్వార్టర్ తాగితే తప్ప నిద్ర పట్టదంటారు. దీపావళికి బాబు కాకరపువ్వొత్తి వెలిగిస్తే చెంప మీద కొట్టి, తర్వాత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చారు. ఏమైందని అడిగితే ‘నీకు చెప్పినా అర్థం కాదు’ అంటారు. ‘ఎంత చేసినా లేటుగా వచ్చారని తిట్లు తినడానికేగా ఈ ఉద్యోగం’ అంటారు. ఏదో సోకిందని, సింహాచలం మొక్కు తీర్చలేదని మా అత్తయ్య గారి బాధ. మా పుట్టింటివాళ్ళేమో ‘స్టేషన్లో క్యారమ్స్ ఆడుకోవడమేగా, దానికింత టెన్షనా’ అని నవ్వుతారు. ఉద్యోగం మానేసి మా తమ్ముడి హార్డ్‌వేర్ షాపులో కూర్చోమని నేను పోరుతున్నాను. డాక్టరు దగ్గరికి రమ్మంటే ‘వాల్తేరు మెంటల్ ఆసుపత్రికి వెళ్ళానని తెలిస్తే ఉద్యోగం ఉంటుందా’ అంటున్నారు. మొన్న నవ్వుతూనే ‘నేను పోతే నీకు పెన్షనొస్తుంది, కారుణ్య నియామకం కింద ఉద్యోగమూ వస్తుంది, హాయిగా ఉంటారు’ అన్నారు. రాజమండ్రిలో ఉన్న మా అక్కకు కూడా ఇవేవీ చెప్పలేదు. నేనేం చేయాలి?
– పేరు వద్దు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరు చిట్టచివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. పెన్షన్ గురించీ కారుణ్య నియామకం గురించీ ఆయన అన్న మాటను సరదాగా తీసుకోకండి. తాను లేకపోతేనే ఇంటికి లాభమని లెక్క వేసుకుంటున్న మనిషి మాట అది. నవ్వుతూ అన్నారంటే, మీరేమంటారో చూద్దామని కూడా అయి ఉండవచ్చు.

అందుకని ముందు మీరు సూటిగా అడగాలి. తాగి ఉన్నప్పుడు వద్దు, డ్యూటీ దిగి వచ్చిన వెంటనే వద్దు. నిద్ర లేచాక, పిల్లలు బడికి వెళ్ళిన వేళ చూసి పక్కన కూర్చోండి. ‘ఆ రోజు పెన్షన్ మాట అన్నారు కదా, అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. చచ్చిపోవాలని అనిపిస్తోందా మీకు?’ అని ఆ మాటతోనే అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. ఎవరూ అడగని ప్రశ్న ఇంట్లోవాళ్ళు అడిగితే మనసులో బరువు కాస్త దిగుతుంది. అవునని అంటే ‘పిల్లల మొహమైనా చూడరా’ అని మాత్రం అనకండి. పిల్లలకు తానే బరువని అనుకుంటున్న మనిషికి అది ఇంకో దెబ్బ. ‘చెప్పారు, మంచిపని చేశారు, ఇద్దరం కలిసి వెళ్దాం’ అంటే చాలు. ఆ రోజు ఆయన్ని ఒంటరిగా వదలకండి. మాత్రల సీసాలతో సహా ప్రమాదం అనిపించేవన్నీ ఇంట్లోంచి తీసేయండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బులు కట్టనక్కర్లేదు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నట్టు తెలిస్తే ఫోన్లతో ఆగకండి. దగ్గర్లోని పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. కాదని అన్నా కూడా, ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవాలి. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు రెండు బాధలు విడివిడిగా కనిపించాయి. మీరు రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు. బహుశా ఆయన కూడా అలాగే అనుకుంటున్నారు.

‘ఎంత చేసినా తిట్లు తినడానికేగా’ అన్నది మొదటిది. ఇది పనిలో అరిగిపోవడం, బర్నవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దీన్ని జబ్బుగా కాక, పనిచేసే చోట తీరని ఒత్తిడివల్ల వచ్చే స్థితిగా రాశారు. దానికి గుర్తులు మూడు. ఒంట్లో సత్తువ ఉండదు, పనిమీద విరక్తి పుడుతుంది, తాను చేసేదానికి విలువ లేదనిపిస్తుంది. పనిలోంచి వచ్చింది కాబట్టి పని మారితే, విశ్రాంతి దొరికితే, మనుషులు పెరిగితే తగ్గుతుంది.

హాల్లో లైటు, రాత్రి రెగ్యులేటరు, కాకరపువ్వొత్తి మీద కోపం రెండోది. ఇది సెలవు పెట్టి నాలుగు రోజులు పడుకుంటే పోయేది కాదు. భయంకరమైనది కళ్ళారా చూసిన మనిషికి ఆ దృశ్యం గడిచిపోయినట్టు ఉండదు, ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. చీకటి పడినా, నిప్పురవ్వ కనిపించినా, ఒక వాసన తగిలినా ఒళ్ళు మళ్ళీ అక్కడికే పోతుంది. ఘటన తర్వాత కొద్ది వారాలు ఇలా ఉండటం మామూలే, చాలామందికి అదే సర్దుకుంటుంది. నెల దాటినా పోకుండా ఇంటినీ నిద్రనూ పాడుచేస్తుంటే డాక్టర్లు పీటీఎస్‌డీ ఏమో, అంటే ఘోరం చూశాక మనసుకు తగిలిన దెబ్బ మానని జబ్బేమో అని చూస్తారు. మీవారికి నిరుడు ఎండాకాలం నుంచీ ఉంది. అవునో కాదో పరీక్ష చేసి డాక్టరే చెప్పాలి, ఉత్తరం చూసి నేను పేరు పెట్టకూడదు. అయితే ఒకటి ధైర్యంగా చెప్పగలను. దీనికి మంచి వైద్యం ఉంది. ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా, భద్రంగా ఎదుర్కొనేలా చేసే మాటల చికిత్సలు ఉన్నాయి, అవసరమైతే మందులూ ఉన్నాయి.

మీ పుట్టింటివాళ్ళ క్యారమ్స్ మాటకు వద్దాం. స్టేషన్లో క్యారమ్ బోర్డు ఉండే మాట నిజమే. కానీ నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డ్ ఫైర్‌మ్యాన్ చెప్పింది వినండి. ఆటలో ఉన్నా ఒక చెవి బెల్లు మీదే ఉంటుందట. అన్నం సగంలో వదిలి లేచిన రోజులు, బెల్లు మోగకుండానే మోగినట్టు ఉలిక్కిపడి లేచిన రాత్రులు లెక్కలేదట. రిటైరయ్యాక కూడా కుక్కర్ విజిల్‌కి లేచి నిలబడేవాడినని నవ్వాడు. మంట దగ్గరకంటే దారిలోనే గుండె ఎక్కువ కొట్టుకునేదని కూడా చెప్పాడు. అడ్రసు సరిగ్గా చెప్పరు. సందులోకి బండి తిరగదు, అడ్డంగా బైకులు, పైన వేలాడే కరెంటు తీగలు. చేరేసరికి జనం ‘ఇప్పుడా వచ్చేది’ అని మీద పడతారు. ట్యాంకులో నీళ్ళు నిమిషాల్లో అయిపోతాయి. రెండో బండి వచ్చేలోపు చుట్టూ ఉన్నవాళ్ళకు కనిపించేది నీళ్ళులేని ఫైరింజనూ, చేతులు కట్టుకు నిలబడ్డ ఫైర్‌మ్యాన్లూ. అప్పుడే నాలుగు సెల్‌ఫోన్లు వీడియో తీస్తుంటాయి. మీవారు అన్న ‘తిట్లు’ అవి.

పైగా 101కి వచ్చే కాల్ ప్రతిసారీ మంట గురించే ఉండదు. బావిలో పడ్డ మనిషి, లారీ కింద నలిగిన కారు, లిఫ్టులో ఇరుక్కున్న పిల్లలు, వరద. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగితే, నీళ్ళు తీశాక ఇళ్ళల్లో బురద కడిగింది కూడా ఫైరింజన్లతోనే. ఇక మీ విశాఖ చుట్టుపక్కల సంగతి చెప్పక్కర్లేదు. 2020 మే నెలలో ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకు, 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో పడవలు తగలబడటం, 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీలో 17 మంది పోయిన పేలుడు. పేపర్లో మనం నాలుగు రోజులు చదివి వదిలేసేవాటికి, ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు వెళ్ళి నిలబడతారు. ఇవి ఒక్కొక్కటీ మనసులో చేరి, చివరికి ఒక చిన్నపాప దగ్గర కట్ట తెగింది. ఆ పాప మీ పాప వయసుదేమో కూడా మీకు తెలియదు. ఆయనకు తెలుసు.

‘నీకు చెప్పినా అర్థం కాదు’ అంటే మీకు కోపం వచ్చి ఉంటుంది. నాకైతే ఆ మాటలో వేరే సంగతి వినిపిస్తోంది. తాను చూసింది ఇంట్లోకి తేకూడదని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. కాబట్టి ‘అసలేం జరిగిందో చెప్పండి’ అని తవ్వకండి. ఆ పాప గురించి మీకు తెలిసిందని కూడా దాచకండి. ఒకసారి మామూలుగా, ‘ఫలానా ఆవిడ చెప్పింది, నాకు తెలుసు, మీరు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పండి, చెప్పకపోయినా ఫర్వాలేదు’ అని వదిలేయండి. వివరాలు వినాల్సిన బాధ్యత డాక్టరుది. మీరు కౌన్సిలర్ అవతారం ఎత్తనక్కర్లేదు.

డ్యూటీ దిగి వచ్చిన మొదటి గంట ఆయనకు వదిలేయండి. ఫీజు కట్టాలన్నదీ, అత్తయ్యగారు అన్నదీ ఆ గంటలో చెప్పకండి. వీలైతే స్టేషన్లోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని రమ్మనండి. యూనిఫాం పిల్లల బట్టలతో కలిపి ఉతకకండి. ఇది మనసు కోసమే చెప్పడం లేదు. మంటలు ఆర్పే వృత్తిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. బట్టలకు పట్టిన మసి ఇంట్లోకి రాకపోవడమే మంచిది. ఆ అలవాటుతో ఉద్యోగం గేటు దగ్గరే ఆగిందన్న భావన కూడా కాస్త వస్తుంది.

లైటు ఉండనివ్వండి, దానిమీద గొడవ వద్దు. రెగ్యులేటరు మాత్రం పడుకునే ముందు ఇద్దరూ కలిసి ఒకసారి చూడండి. రాత్రి ఆయన లేస్తే ఎగతాళి చేయకుండా ‘ఇందాక కలిసి కట్టేశాం కదా’ అని గుర్తుచేయండి.

చెంప మీద కొట్టిన విషయంలో మాత్రం నేను ఆయన తరఫున మాట్లాడను. ఎందుకు కొట్టారో అర్థమైనంత మాత్రాన అది ఒప్పు కాదు. ఏడ్చారంటే ఆయనకూ ఆ సంగతి తెలుసు. కానీ బాత్రూములో ఏడిస్తే బాబుకు ఏం తెలుస్తుంది? ‘నిన్ను కొట్టడం నా తప్పు, నిప్పు చూస్తే నాకు భయమేసింది’ అని బాబుతో ఆయనే చెప్పాలి. పిల్లలకు మీరు చెప్పాల్సింది చిన్నమాట: నాన్నకు ఒంట్లో బాగోలేదు, మందు వేసుకుంటే తగ్గుతుంది, మీవల్ల వచ్చింది కాదు. మళ్ళీ చెయ్యి లేస్తే, మీమీద లేచినా సరే, పిల్లల్ని తీసుకుని ఆ పూటకు వేరే ఇంటికి వెళ్ళండి. దానికి మొహమాటం వద్దు.

క్వార్టర్ సంగతి. మందు తాగితే తొందరగా కళ్ళు మూతపడతాయి, కానీ అర్ధరాత్రి దాటాక నిద్ర చెదిరిపోతుంది, పీడకలలు ఎక్కువవుతాయి. నిద్ర కోసం తాగిన మందు నిద్రనే తింటుంది. రోజూ తాగుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకని ఎంత తాగుతున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పి, వాళ్ళు చెప్పినట్టు తగ్గించాలి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే నిద్రమాత్రలు మద్యంతో కలిపి వేసుకోనివ్వకండి. అది ప్రాణం మీదికి వస్తుంది.

ఇక ఆయన అసలు భయం, ఉద్యోగం. వాల్తేరు ఆసుపత్రి పేరు మన వైపు తిట్టుగా వాడతారు, హైదరాబాదులో ఎర్రగడ్డను అన్నట్టే. ఆ తిట్టుకు భయపడి ఎంతమంది వైద్యానికి దూరమయ్యారో. అక్కడికే వెళ్ళాలని రూలేం లేదు, బోధనాసుపత్రి ఓపీలో చూపించుకోవచ్చు, ప్రైవేటు డాక్టరునైనా కలవచ్చు. డాక్టరు ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతోంది. ఉద్యోగం తీసేస్తారన్న భయానికీ జవాబుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పనికి సరిపడకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి అని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టంలోని వైకల్యాల జాబితాలో మానసిక అనారోగ్యమూ ఉంది. మీవారి పరిస్థితి అంతదాకా పోతుందని నేను అనడం లేదు. చట్టం అంతదాకా ఆలోచించిందని ఆయనకు తెలియాలి.

సెలవుకీ దారి ఉంది. ఆయన ఖాతాలో హాఫ్ పే లీవు చాలానే పోగుపడి ఉంటుంది. మెడికల్ సర్టిఫికెట్ మీద దాన్ని కమ్యూట్ చేసుకుంటే పూర్తి జీతం వస్తుంది, ఖాతాలోంచి మాత్రం రెట్టింపు రోజులు తగ్గుతాయి. సర్వీసు రిజిస్టరులో ఎన్ని రోజులు ఉన్నాయో ఆఫీసులో ఆయన్నే అడగమనండి. కాలో చెయ్యో విరిగితే ఈ సెలవు పెట్టడానికి ఎవరూ సిగ్గుపడరు కదా.

కింది నాలుగు మాటలు ఆయనకు చదివి వినిపించండి.

తమ్ముడూ, ఏటా ఏప్రిల్ 14న మీరు యూనిఫాం మీద పిన్ను పెట్టుకుని మౌనంగా నిలబడతారు. 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలి చనిపోయిన 66 మంది ఫైర్‌మ్యాన్ల కోసం. ఆ రోజు చనిపోకుండా ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఆ తర్వాత నిద్ర పట్టిందో లేదో ఎవరూ అడగలేదు, వాళ్ళ పేరిట పిన్నులు లేవు. మీరు ఆ రెండో వరసలోని మనిషి. లోపలికి వెళ్ళి పాపను తెచ్చారు. బతకకపోవడం మీ చేతిలో లేదు. పొగ మీకంటే ముందే లోపలికి వెళ్ళింది. ఈ మాట మీకు తెలియదని కాదు, రాత్రి రెండింటికి గుర్తుకు రాదు. అప్పుడు గుర్తుకు వచ్చేలా చేయడమే డాక్టరు పని. కొత్తగా చేరిన కుర్రాడు పొగ మింగి దగ్గుతుంటే ‘ఏం కాదులే’ అని వదిలేస్తారా, ఆసుపత్రికి పంపిస్తారా? మీ విషయంలోనూ ఆ పనే చేయండి.

అమ్మా, స్టేషన్ ఆఫీసరుతో మాట్లాడే సంగతి ఆయన ఒప్పుకుంటేనే. ఆయనకు తెలియకుండా వెళ్ళకండి, ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి అయితే తప్ప. ఆఫీసరు ఇది చదువుతుంటే ఒక మాట. పెద్ద ప్రమాదం జరిగిన మర్నాడు అందర్నీ కూర్చోబెట్టి ‘ఏం చూశారో చెప్పండి’ అని ఒక్కసారి బలవంతంగా మాట్లాడించడం మంచిదని ఒకప్పుడు అనుకున్నారు. తర్వాత పరిశోధనలు చూస్తే అది పీటీఎస్‌డీని ఆపలేదని తేలింది. మంచినీళ్ళు, భోజనం, ఇంటికి ఒక ఫోను, ఆ రాత్రికి నిద్ర, రెండు వారాల తర్వాత, నెల తర్వాత ‘ఎలా ఉన్నావు’ అని ఒంటరిగా అడగడం, అవసరమైనవాళ్ళకు డాక్టరు. వీటితో ఎక్కువ ఉపయోగం. ఖాళీ పోస్టులు నింపకుండా ఉన్నవాళ్ళ మీదే డ్యూటీలు వేస్తే మాత్రం ఎన్ని యోగా క్లాసులు పెట్టినా బర్నవుట్ తగ్గదు. మనుషులు లేక పుట్టిన అలసటను శ్వాస పీల్చే పద్ధతితో తీర్చమనడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

హార్డ్‌వేర్ షాపు సంగతి ప్రస్తుతానికి పక్కనపెట్టండి. ఈ స్థితిలో 16 ఏళ్ళ ఉద్యోగం వదిలేస్తే, పాప బతకలేదన్న బాధకు ‘నేను పారిపోయాను’ అన్నది తోడవుతుంది. జ్ఞాపకం షాపులోకి కూడా వస్తుంది. పైగా మీరు పోరే కొద్దీ, ఆయన సంపాదనే మీకు ముఖ్యమన్న లెక్క ఆయన మనసులో బలపడవచ్చు, పెన్షన్ మాట అక్కడినుంచే వచ్చి ఉండవచ్చు. ముందు సెలవు, వైద్యం. కొన్ని నెలల తర్వాత కూడా మంటలకు వెళ్ళలేనంటే కంట్రోల్ రూమ్, శిక్షణ, తనిఖీలు, ఇలా శాఖలోనే వేరే పనులున్నాయి. అవీ కుదరకపోతే అప్పుడు షాపు గురించి ఆలోచించవచ్చు.

అత్తయ్య గారితో వాదించకండి. సింహాచలం వెళ్ళిరండి, ఆ కొండ ఎక్కడం వల్ల ఆయనకు నష్టమేమీ లేదు, ఆవిడ మనసు కుదుటపడుతుంది. డాక్టరు అపాయింట్‌మెంటు మాత్రం మొక్కు తీరాక అని వాయిదా వేయకండి, ముందు దాని తేదీ ఖాయం చేసుకుని దర్శనం మరో రోజు పెట్టుకోండి. భూతవైద్యుడి దగ్గరికి అంటే ఒప్పుకోకండి, కొట్టడం, పొగ పెట్టడం లాంటివి ఇలాంటి మనిషిని ఇంకా చెడగొడతాయి.

మీ గురించి ఉత్తరంలో ఒక్క ముక్కే ఉంది, అక్కకు కూడా చెప్పలేదని. నిరుటినుంచీ రాత్రిళ్ళు ఆయనతోపాటు మీరూ మేలుకునే ఉన్నారు కదా. ఆయన డ్యూటీకి వెళ్ళిన రోజు చూసి అక్కకు ఫోన్ చేయండి, మొత్తం చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు పిల్లల్ని చూసుకోవడానికి ఆవిడ రాగలరేమో కూడా అప్పుడే అడగండి.